కింద కూర్చుని వయొలిన్ వాయించేవాళ్లకి లూపర్ కుదురుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 12 ఏళ్లుగా కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నారు. రెండు నెలల్లో విజయవాడలో ఒక కార్యక్రమంలో 20 నిమిషాల సోలో ఉంది, పక్కన మృదంగం ఒక్కటే. లూపర్ (వాయించింది రికార్డు చేసి మళ్లీ మళ్లీ మోగించేది), డిలే (వాయించిన స్వరాన్ని కాసేపటికి తిరిగి వినిపించేది), రివర్బ్ (హాల్లోలా ప్రతిధ్వని కలిపేది) కలిపి కొత్తగా ఏదైనా చేయాలని ఉంది. చేతిలో 40 వేలున్నాయి. పెడల్ (ఈ పనులు చేసే, కాలితో నొక్కే డబ్బా) కొనాలా, ల్యాప్‌టాప్‌తో చేయాలా, ఏ రాగాలు కుదురుతాయి, ట్రాక్ (ముందే రికార్డు చేసుకున్నది) వేసుకుంటే తప్పా, గురువుగారికి ఎలా చెప్పాలి అని అడిగారు.

కుదురుతుంది. కానీ మీరు అడగని ప్రశ్న ఒకటుంది, ముందు దాని సంగతి చూడాలి. పెడల్ నొక్కేది ఎవరు?

లూపర్ వీడియోల్లో కనిపించే వయొలినిస్టులు దాదాపు అందరూ నిలబడి వాయిస్తారు. ముందు నాలుగు పెడళ్లు, బూటుకాలితో టక్కున నొక్కడం, అంతే. మనం చాప మీద కూర్చుంటాం. వయొలిన్ తల కుడి పాదం మీద ఆనుతుంది, ఎడమకాలు మడిచి ఉంటుంది. ఆ పాదం కదిలితే వాద్యమే కదులుతుంది, గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) మధ్యలో శ్రుతి తప్పుతుంది. కుడిచేతిలో కమాను, ఎడమచేయి తీగల మీద. అంటే నాలుగూ బిజీ. నేను మొదటి పెడల్ కొన్నప్పుడు ఈ సంగతి ఇంటికొచ్చి చాప పరిచాక గానీ తట్టలేదు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

దీనికి నాకు తెలిసిన దారులు మూడు. ఒకటి, కుర్చీలోనో నిలబడో వాయించడం. 12 ఏళ్లు కింద కూర్చుని అలవాటైన చేతికి రెండు నెలల్లో ఇది వద్దు. వయొలిన్ పట్టు మారితే జారు (ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వేలు జార్చడం) పోతుంది, జారు పోతే మన సంగీతంలో మిగిలేదేముంది? రెండోది, పక్కన ఒక మనిషి కూర్చుని పెడల్ నొక్కడం. బాగానే పనిచేస్తుంది కానీ ఆ మనిషికి తాళం రావాలి, మీతో రోజూ సాధన చేయాలి. మూడోది నేను చేసేది. పెడల్‌ని ఎడమ మోకాలి పక్కన ఒక చిన్న చెక్కపీట మీద పెట్టి ఎడమచేత్తో నొక్కుతాను. నొక్కే క్షణంలో కుడిచేయి ఖాళీ తీగ మీద షడ్జమం (సా) పట్టుకుని ఉంటుంది. ఖాళీ తీగకి ఎడమచేయి అక్కర్లేదు కదా. వినేవాళ్లకి అక్కడ ఒక దీర్ఘ షడ్జమం వినిపిస్తుంది, మీకు ఒకటిన్నర సెకను దొరుకుతుంది. ఈ పద్ధతిలో లూప్ మొదలూ చివరా ఎప్పుడూ ఖాళీ సా మీదో, ఖాళీ పా మీదో ఉండాలి. అది అడ్డంకిలా కనిపిస్తుంది గానీ, నా మటుకు నాకు దానివల్లే లూప్‌కి ఒక ఆకారం వచ్చింది.

ఇక డబ్బు. 40 వేలలో సగం పికప్ (వాద్యం కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చేది), ప్రీయాంప్ (ఆ సంకేతాన్ని సరిగ్గా అందుకుని ముందుకు పంపేది), ఈ రెండింటికే పోనివ్వండి. కొత్తగా వచ్చేవాళ్లందరూ పెడల్‌కి ఎక్కువ పెట్టి పికప్ దగ్గర పీనాసితనం చేస్తారు. నేనూ చేశాను. ఒక కాలేజీ ఆడిటోరియంలో నా మొదటి ప్రదర్శనకి చవక పియజో పికప్ బ్రిడ్జికి అంటించి, వైరు తిన్నగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెట్టించాను. వయొలిన్ దోమలా పాడింది. సౌండాయన పాపం బేస్ పెంచాడు, స్పీకర్లు బొంయ్‌మని ఊళలు పెట్టాయి, మొదటి వరుసలోవాళ్లు చెవులు మూసుకున్నారు. తప్పు ఆయనది కాదు.

ఎందుకలా అవుతుందో తెలిస్తే మళ్లీ చేయరు. పియజో పికప్ ఒక చిన్న కెపాసిటర్ లాంటిది. దాని కెపాసిటెన్స్ ఒక నానోఫారడ్ అనుకుందాం. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (సంకేతానికి ఎదురయ్యే నిరోధం) మామూలుగా 10 కిలోఓమ్‌ల దగ్గర ఉంటుంది. ఈ రెండూ కలిస్తే ఫిల్టర్ అవుతుంది, సుమారు 16,000 హెర్ట్జ్‌కి దిగువన ఉన్నదంతా తగ్గిపోతూ వస్తుంది. అంటే వయొలిన్ మొత్తం. అదే ఇన్‌పుట్ 1 మెగాఓమ్ అయితే ఆ హద్దు 160 హెర్ట్జ్‌కి దిగుతుంది, 10 మెగాఓమ్‌లైతే 16కి. మంద్ర (కింది స్థాయి) షడ్జమం నిండుగా రావాలంటే అదీ కావలసింది. కాబట్టి పియజో కోసమే చేసిన ప్రీయాంప్ కొనండి, ఇన్‌పుట్ ఇంపిడెన్స్ కనీసం 1 మెగాఓమ్ అని రాసి ఉందో లేదో చూసుకోండి. పికప్‌ల్లో బ్రిడ్జి పక్క చీలికలో దూరే రకం, ఫిష్‌మన్ వి-200 లాంటిది, చాలామంది వాడతారు. వయొలిన్‌ని కోయక్కర్లేదు, జిగురు పూయక్కర్లేదు, ఇంటికొచ్చాక తీసేయొచ్చు.

వీలైతే దీనితోపాటు ఒక క్లిప్ మైకు అద్దెకైనా తెచ్చుకోండి. నా పద్ధతి ఏమిటంటే మైకు తిన్నగా మిక్సర్‌కి, పికప్ మాత్రం పెడళ్లలోకి. మైకులో చెక్క శబ్దం, కమాను గాలి, అసలు వయొలిన్ ఉంటాయి. పికప్‌లో ఉండేది తీగ మాత్రమే, కానీ అది మృదంగాన్ని లాగదు. లూపర్‌కి కావలసింది అదే. లూపర్‌లోకి మైకు పెడితే పక్కనున్న మృదంగం దెబ్బలు కూడా రికార్డయి, ఆ తర్వాత ప్రతి ఆవర్తనానికీ (తాళం ఒక చుట్టుకీ) ఆ దెయ్యపు మృదంగం వస్తూనే ఉంటుంది. రెండూ కలిపి వింటున్నప్పుడు శబ్దం పల్చబడితే ప్రీయాంప్ మీద ఫేజ్ మీట (సంకేతాన్ని తలకిందులు చేసేది) ఒకసారి తిప్పి చూడండి, చాలావరకు సర్దుకుంటుంది. క్లిప్ మైకుకి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరులోంచే వచ్చే కరెంటు) కావాలని సౌండాయనకి ముందే చెప్పండి.

పెడలా ల్యాప్‌టాపా అంటే ఇప్పటికి పెడలే. ల్యాప్‌టాప్ చెడ్డదని కాదు. బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి తీసుకునే శబ్దం ముక్క) 128 శాంపిళ్లు, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకుంటే ఒక దశలో ఆలస్యం 2.7 మిల్లీసెకన్లు, రానూ పోనూ అన్నీ కలిపినా పది చుట్టుపక్కల. మూడు మీటర్ల దూరంలో ఉన్న స్పీకర్ నుంచి మీ చెవికి శబ్దం రావడానికే దాదాపు 9 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి అది పెద్ద విషయం కాదు. ఇబ్బంది వేరే చోట. మీ కార్యక్రమం ఆరుబయటైతే ఎండ, ఉక్క, దుమ్ము, సరిగ్గా అప్పుడే అప్‌డేట్ కావాలనే కంప్యూటర్. స్టేజీ మీద తెర వెలుగుతుంటే జనం మీ మొహం బదులు దాన్ని చూస్తారు. పైగా రెండు నెలల్లో మీరు వాయిద్యం సాధన చేయాలి, సాఫ్ట్‌వేర్ కాదు. ఒకే బటన్ ఉన్న చిన్న లూపర్ చాలు. బాస్ కంపెనీ ఆర్‌సి-1 అయితే 12 నిమిషాలు రికార్డు చేస్తుంది, మీకు 12 సెకన్లు చాలు. దానికి ఒక డిలే పెడల్ కలపండి. రివర్బ్ కొనొద్దు. మన ఫంక్షన్ హాళ్లలో గోడలే కావలసినంత రివర్బ్ ఇస్తాయి, మరీ పొడిగా ఉన్న చోట మిక్సర్‌లోనే వేస్తారు.

ఇప్పుడు రాగాలు. అసలు ఆసక్తికరమైన సంగతి ఇదే, ఎవరూ సరిగ్గా చెప్పరు కూడా.

డిలే అయినా, రివర్బ్ అయినా, లూప్ అయినా చేసే పని ఒకటే. అయిపోయిన స్వరాన్ని అయిపోనివ్వదు. మన సంగీతంలో స్వరం వెళ్లిపోవాలి, వెళ్లిపోతేనే తర్వాతి స్వరం నిలబడుతుంది. పాతది ఉండగానే కొత్తది వస్తే రెండూ ఒకేసారి మోగుతాయి. అవి పక్కపక్క స్వరస్థానాలైతే చెవిలో గరగర. తోడిలో గాంధారం మీద ఊపు వేసి డిలే పెట్టి చూడండి, ముద్దపప్పు అవుతుంది. షడ్జమం పక్కనే శుద్ధ రిషభం, పంచమం పక్కనే శుద్ధ ధైవతం, మీదనుంచి గాంధారం ఊగిసలాట, అన్నీ ఒకదాని మీద ఒకటి.

అదే మోహన తీసుకోండి. స రి గ ప ద, అయిదు స్వరాల్లో ఏ రెండూ పక్కపక్క స్థానాల్లో లేవు. అన్నీ ఒకేసారి మోగినా గొడవ లేదు. మోహనకి గ్రహభేదం చేస్తే (అవే స్వరాల్లో ఇంకో స్వరాన్ని షడ్జమంగా తీసుకుంటే) వచ్చే మధ్యమావతి, హిందోళం, శుద్ధసావేరి, శుద్ధధన్యాసి, ఈ నాలుగింటికీ అదే గుణం. అంటే డిలేకి పుట్టుకతో సరిపోయే రాగాలు అయిదున్నాయి. ఆ అయిదూ నిజానికి ఒకే కుటుంబం. హంసధ్వని కూడా పర్వాలేదనుకుంటారు చాలామంది, కానీ కాకలి నిషాదం షడ్జమానికి ఆనుకునే ఉంది. నిషాదం మీద ఆగితే లూప్‌లోని షడ్జమంతో రాపిడి వస్తుంది. తెలిసి చేస్తే అందం, తెలియక చేస్తే అపశ్రుతి.

మీకు నా సలహా: 20 నిమిషాల్లో హిందోళం ఒక్కటే. లూప్‌లో స, మ మాత్రం పెట్టండి. హిందోళంలో పంచమం లేదు కాబట్టి లూప్‌లోనూ, తంబూరలోనూ పంచమం ఉండకూడదు. ఇది రాయక్కర్లేదు అనుకున్నా గానీ, పంచమం మోగుతున్న లూప్ మీద హిందోళం వాయించిన ఒకరిని విన్నాక రాస్తున్నాను. పైన నేను చెప్పిన ఖాళీ తీగ ఉపాయంలో కూడా అప్పుడు ఖాళీ సా ఒక్కటే వాడుకోవాలి. రెండు తీగలు కలిపి లాగితే పా వచ్చేస్తుంది, జాగ్రత్త.

హార్మనైజర్ పెడల్ జోలికి మాత్రం వెళ్లకండి. మీ స్వరం ఏదో గుర్తుపట్టి దానికి ఇంకో స్వరం జోడిస్తుంది. గమకం మధ్యలో అది ఏ స్వరమని గుర్తుపట్టాలి? పియానో మెట్ల మీద నడిచే యంత్రం, మనది జారుడుబల్ల. పాపం తడబడుతుంది, మనల్నీ తడబడేలా చేస్తుంది.

లూప్‌లో తాళం పెట్టొద్దు. మొదటిసారి చేసేవాళ్లందరూ వయొలిన్ మీద వేళ్లతో టకటకలాడించి, దాన్ని లూప్ చేసి, దాని మీద వాయిస్తారు. మీకు పక్కన మనిషి ఉన్నాడు, మృదంగం ఉంది. లూపర్ కూడా ఒక పక్కవాద్యమే, కానీ మీ మాట వినని పక్కవాద్యం. మీరు కల్పనస్వరాల్లో (అప్పటికప్పుడు అల్లే స్వరాల్లో) కాస్త వేగం అందుకుంటే మృదంగం వెంట వస్తుంది, లూప్ రాదు. నిమిషానికి 80 అక్షరాల (తాళంలో ఒక్కో లెక్క ఒక అక్షరం) కాలప్రమాణంలో, అంటే వేగంలో, ఎనిమిది అక్షరాల ఆదితాళం ఒక ఆవర్తనం సరిగ్గా 6 సెకన్లు. ఆ 6 సెకన్ల లూప్ పట్టేటప్పుడు ఇరవయ్యో వంతు సెకను ఆలస్యంగా నొక్కారనుకోండి, ప్రతి ఆవర్తనానికీ ఒక చిన్న ఎక్కిలి. పది ఆవర్తనాలయ్యేసరికి అర సెకను తేడా, అంటే అక్షరంలో మూడింట రెండు వంతులు. మృదంగం ఆయన లూప్‌ని పట్టుకోవాలా, మిమ్మల్ని పట్టుకోవాలా తెలియక నలిగిపోతాడు.

అందుకని లూప్‌లో దెబ్బ లేకుండా, పొడుగ్గా సాగే స్వరాలే పెట్టండి. మొదటి పొర మంద్ర షడ్జమం, కమాను నెమ్మదిగా లాగుతూ. రెండోది మధ్యమం, చాలా చిన్నగా. మూడోది కావాలంటే పైస్థాయి షడ్జమం, కమానుని బ్రిడ్జి దగ్గరగా పెట్టి గాజులాంటి శబ్దంతో. అంతటితో ఆపండి. పొర మీద పొర వేసినకొద్దీ మీరే మీ చోటు ఆక్రమించుకుంటారు. లూప్‌లో ఉన్నదీ వయొలినే, మీరు వాయించేదీ వయొలినే, రెండింటి గొంతూ ఒకటే. లూప్ మట్టం మీ వాయిద్యంలో మూడో వంతు వినపడితే ఎక్కువ. ఇలా చేసుకుంటే లూప్ మీ సొంత తంబూర అవుతుంది, ఆలాపనకి ఎంతసేపు కావాలంటే అంతసేపు వాడుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి, లూప్ పట్టాక తీగ దిగితే లూప్ మీతోపాటు దిగదు. ఏసీ హాల్లోంచి బయటి స్టేజీకి వచ్చిన వాద్యానికి పావుగంట టైమిచ్చి, శ్రుతి చూసుకుని అప్పుడు పట్టండి.

తాళం పని డిలేకి ఇవ్వండి, అదీ చివర్లో. అదే 80 కాలప్రమాణంలో ఒక అక్షరం 750 మిల్లీసెకన్లు. డిలే 750 పెడితే మీరు వాయించిన ప్రయోగం సరిగ్గా ఒక అక్షరం తర్వాత తిరిగొస్తుంది. 250 పెడితే తిశ్రంలో (అక్షరాన్ని మూడుగా విడగొట్టే నడకలో) పడుతుంది, చతురశ్రంలో (నాలుగుగా విడగొట్టే నడకలో) వాయిస్తున్న మీ మీద అది మూడు పలుకుతుంది, వినడానికి మహా సరదాగా ఉంటుంది. ఒక్కసారి తిరిగొస్తే చాలు, రెండోసారి వద్దు. మృదంగానికి ఇది ముందే వినిపించి, మీరిద్దరూ కలిసి కనీసం పదిసార్లు చేయండి. ఆయన మానిటర్‌లో (స్టేజీ మీద ఆయన వైపు తిప్పిన స్పీకర్‌లో) లూప్, డిలే రెండూ వినపడాలి. వినపడకపోతే ఆయన తప్పు వాయించినట్టు జనానికి అనిపిస్తుంది, అది అన్యాయం.

కరెంటు గురించి ఒక మాట. కాకినాడ వైపు ఒక రిసెప్షన్‌లో లూప్ మీద ఆలాపన మంచి రసపట్టులో ఉండగా కరెంటు పోయింది. జనరేటర్ అందుకోవడానికి నాలుగైదు సెకన్లు పట్టింది. లైట్లొచ్చాయి, పెడల్ కూడా వచ్చింది, లూప్ మాత్రం లేదు. సేవ్ చేయని లూప్ పవర్ పోతే పోతుంది. ఘటం ఆయన నా మొహం చూసి ఆదితాళం అందుకున్నాడు, మిగతాదంతా ఉత్త వయొలిన్‌తోనే నడిపాం. చాలామంది అది కార్యక్రమంలో భాగమే అనుకున్నారట. ఆ తర్వాత నుంచి పెడళ్లకి చిన్న పవర్‌బ్యాంక్ లాంటి బ్యాటరీ సప్లై పెట్టుకుంటున్నాను. దానివల్ల ఇంకో లాభం, మిక్సర్‌కీ మనకీ ఎర్తు కలిసి వచ్చే 50 హెర్ట్జ్ హమ్ చాలావరకు తగ్గుతుంది. అయినా హమ్ వస్తే డీఐ బాక్స్ (వాద్యానికీ మిక్సర్‌కీ మధ్య పెట్టే డబ్బా) మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కమనండి. ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచేద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది షాకు కొట్టే పని.

ట్రాక్ వేసుకుని వాయించడం తప్పేం కాదు. కానీ ట్రాక్ వేసి, పెడల్ నొక్కుతున్నట్టు నటించడం నాకు నచ్చదు. లూపర్‌లో అందం అంతా ఎదురుగా పుట్టడంలోనే ఉంది. వట్టి షడ్జమం ఒక్కటి మొదలై, అది నిలబడిపోయి, దాని మీద ఇంకోటి వచ్చి కూర్చోవడం జనం కళ్లారా చూస్తారు. 1970ల మొదట్లో ఇంగ్లండ్ సంగీతకారులు రాబర్ట్ ఫ్రిప్, బ్రయాన్ ఈనో రెండు టేపు రికార్డర్లని పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో రికార్డయిన టేపు రెండోదాంట్లోకి పాకి, కొన్ని సెకన్ల తర్వాత గిటార్ తిరిగి వచ్చేలా చేశారు. వాళ్లు అంత అవస్థ పడి చేసింది మీ చెక్కపీట మీదున్న డబ్బా ఇప్పుడు చేస్తోంది.

గురువుగారి సంగతి. ఆయనకి పెడళ్ల గురించి చెప్పొద్దు, ముందు మాండలిన్ శ్రీనివాస్ గురించి మాట్లాడండి. 1969లో పాలకొల్లులో పుట్టిన మనిషి, 1978లో గుడివాడలో మొదటి కచేరీ. మామూలు మాండలిన్‌కి నాలుగు జతల తీగలు, మీటగానే శబ్దం చచ్చిపోతుంది, గమకానికి చోటుండదు. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని అయిదు ఒంటి తీగలు పెట్టించుకున్నారు. తీగ ఒకటే కాబట్టి వేలు జారుతుంది, పికప్ ఉంది కాబట్టి జారినంతసేపూ శబ్దం బతికి ఉంటుంది. అంటే కరెంటు ఆయనకి హంగు కోసం కాదు, గమకం కోసం. 1995లో కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి ఎలక్ట్రానిక్ ధ్వనులు కూడా కలిసిన ఆల్బమ్ ఒకటి చేశారు. గురువుగారు ఆయన్ని కాదనరు. అసలు రోజూ మీ పాఠానికి మోగే తంబూర కూడా ఎలక్ట్రానిక్ పెట్టే అయ్యుంటుంది, ఆ మాట మాత్రం మీరు అనకండి, ఆయన్నే అననివ్వండి.

ఆ తర్వాత హిందోళం లూప్ మీద పది నిమిషాల ఆలాపన ఆయనకి ఇంట్లోనే వినిపించండి. డిలే లేకుండా, చిన్న స్పీకర్ మీద. రాగం నిలబడితే ఆయనే అడుగుతారు ఆ షడ్జమం ఎక్కణ్నుంచి వస్తోందని.

ఈ వారంలో పికప్, ప్రీయాంప్ కొనేయండి, పెడల్ వచ్చే నెల కొన్నా నష్టం లేదు. ఈలోగా ఎడమచేయి గాల్లోకి తీసి పీట తాకి మళ్లీ తీగ మీదకి రావడం మెట్రోనోమ్‌తో సాధన చేయండి, పీట మీద డబ్బా బదులు అగ్గిపెట్టె పెట్టుకుని. పికప్ బిగించాక రెండు నిమిషాలు రికార్డు చేసి వినిపించండి. మంద్రంలో గుమ్మటంలా మోగుతోందో, పైన గీరుతోందో వింటే గానీ ఈక్యూ (శబ్దంలో కింది, పై భాగాల్ని సర్దే మీటలు) ఎక్కడ తగ్గించాలో చెప్పలేను.